విమానాలు 2019 స్థాయి దాటాయంటున్నారు, మరి మన కువైట్ టికెట్ రేటు ఎందుకు దిగలేదు?

వింజమూరు వాసి
ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్తే. మా తమ్ముడు కువైట్‌లో డ్రైవర్, పోయి పదకొండేళ్లయింది. ఈ సంక్రాంతికి వస్తానంటే చెన్నైకి టికెట్ చూశాం, రానూపోనూ కలిపితే వాడి నెల జీతంలో సగానికి పైనే అడుగుతున్నారు. ఇంకోపక్క ఏ పేపర్ తిరగేసినా ప్రపంచమంతా విమాన ప్రయాణాలు కరోనా ముందున్న స్థాయికి వచ్చేశాయి, దాటేశాయి అని రాస్తున్నారు. ఆ లెక్కలు ఎవరు కడతారు, ఎట్టా కడతారు, అన్నీ తిరిగొచ్చినప్పుడు మన రేటు మాత్రం ఎందుకు దిగలేదు, తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి. 2020లో వాడు అక్కడ ఇరుక్కుపోయి ఉన్నప్పుడే మా నాయన పోయాడు, వాడికి చివరి చూపు దక్కలేదు. అప్పటినుంచి విమానాల వార్త ఏది కనపడినా వదలకుండా చదువుతున్నా, సగం అర్థం కాదు.

కావలి కెరటం
ఆదివారం, రాత్రి 10.05

అన్నా, మీ నాయన గారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఎవరు కడతారు అన్న దాంట్లో నాకు తెలిసిన ముక్క చెబుతా, ఎందుకంటే ఆ లెక్కలో ఒక చిన్న పోగు మా ఇంటి మిద్దె మీద నుంచే పోతుంది.

ఈ కాలపు విమానాలు దాదాపు అన్నీ తాము ఎక్కడున్నామో జీపీఎస్‌తో చూసుకుని, ఆ వివరాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు సుమారు రెండుసార్లు గాల్లోకి చాటుతుంటాయి. దీన్ని ఏడీఎస్-బీ అంటారు. దాన్ని పట్టుకోడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చిన్న యాంటెన్నా, ఒక యూఎస్‌బీ డాంగిల్, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే చాలు. స్వీడన్‌లో మొదలైన ఫ్లైట్‌రాడార్24 లాంటివి ఇట్టాంటి వేల మంది మిద్దెల మీద నుంచి వచ్చే డేటాను ఒకచోట చేర్చి మ్యాప్ గీస్తాయి. నేను 2018లో పెట్టా. పీవీసీ పైపులో యాంటెన్నా, పిట్టగోడకు క్లాంపు. సముద్రం గాలికి కనెక్టర్‌కు పచ్చగా చిలుము పడుతుంది, ఏడాదికోసారి విప్పి గీకి మళ్లీ టేపు చుట్టాలి.

ఇది చూపు పారినంత మేరే పట్టుకుంటుంది. 35 వేల అడుగుల ఎత్తున పోయే విమానం దాదాపు 400 కిలోమీటర్ల దూరం నుంచి దొరుకుతుంది. చెన్నై మాకు సూటిగా 210 కిలోమీటర్లు, అక్కడ దిగే విమానం సుమారు ఎనిమిది వేల అడుగుల కిందికి పోయిందంటే భూమి గుండ్రానికి చాటయి నా స్క్రీన్ మీద నుంచి మాయమవుతుంది. ఇంకొకరి మిద్దె అక్కణ్ణుంచి అందుకుంటుంది.

2020 మార్చి 23 నుంచి అంతర్జాతీయ సర్వీసులు ఆపేశారు, 24 అర్ధరాత్రితో దేశంలో తిరిగేవీ ఆగాయి. అంతకుముందు రాత్రి తొమ్మిదికి చూస్తే నా స్క్రీన్ మీద అరవై డెబ్బై విమానాలు ఉండేవి. ఆ ఏప్రిల్లో మూడో నాలుగో, అవీ సరుకు విమానాలే. యాంటెన్నా పోయిందేమోనని ఒకరోజు మిద్దెక్కి కనెక్టర్ విప్పి మళ్లీ బిగించా. అంతా బాగానే ఉంది, పైన ఆకాశమే ఖాళీ.

కందుకూరు కుర్రోడు
సోమవారం, ఉదయం 7.48

అన్నా సూపర్. నాది ఒక డౌటు. 2023 జులై 6న ఒక్కరోజే ప్రపంచంలో 1 లక్షా 34 వేల కమర్షియల్ ఫ్లైట్లు ఎగిరాయని అప్పట్లో ఆ ఫ్లైట్‌రాడార్24 యాప్ వాళ్లే పెట్టారు, 2019 కన్నా ఎక్కువ అని కూడా చెప్పారు. అంటే 2023కే కోలుకున్నట్టు కదా. మరి కొందరు 2024లోనే దాటింది అని ఎందుకు రాస్తారు? ఎవరిది తప్పు?

ఒంగోలు పద్దులు
సోమవారం, ఉదయం 9.30

ఎవరిదీ తప్పు కాదు తమ్ముడూ, ఇద్దరూ వేర్వేరు సరుకు తూస్తున్నారు. నేను బ్యాంకు మనిషిని, 2020 నుంచి ఈ అంకెలన్నీ ఒక ఎక్సెల్‌లో ఎక్కించుకుంటూ వస్తున్నా, మా అమ్మాయి అమెరికా వెళ్లాల్సి ఉండి ఆగిపోయినప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి.

ఆ యాప్ లెక్కపెట్టేది విమానాలను. అందులో ఎందరు కూర్చున్నారో దానికి తెలియదు. ఖాళీగా ఎగిరినా ఒకటే, నిండా ఎగిరినా ఒకటే. విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ లెక్కపెట్టేది మనుషుల్ని, అదీ తలలు కాదు, ఒక్కో ప్రయాణికుణ్ణి వెళ్లిన కిలోమీటర్లతో హెచ్చవేసి కూడతారు. ఒంగోలు నుంచి టంగుటూరు పోయిన మనిషినీ ఢిల్లీ పోయిన మనిషినీ బస్సు కంపెనీ ఒకే లెక్కలో వేయదు కదా, అట్లా.

ఆ లెక్కన చూస్తే 2020 ఏప్రిల్లో ప్రయాణాలు 2019 ఏప్రిల్ కంటే 94 శాతం పడిపోయాయి. అదే నెలలో ఆ యాప్ చూపిన కమర్షియల్ ఫ్లైట్ల పతనం మాత్రం 74 శాతం దగ్గరే. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఎగిరిన కొద్ది విమానాల్లోనూ మనుషులు లేరు, చాలావాటిలో సరుకే ఉంది. సీట్లు పీకేసి, లేదంటే సీట్ల మీదే మాస్కుల పెట్టెలు కట్టి తెచ్చిన రోజులవి. అమెరికాలో విమానాశ్రయాల తనిఖీ గేట్లు దాటినవాళ్లు ఏప్రిల్ 14న దేశం మొత్తం మీద 87 వేల చిల్లర, ఏడాది కిందట అదే రోజుల్లో 20 లక్షలకు పైగా ఉండేవాళ్లు.

తర్వాత 2020 మొత్తానికి 2019 కంటే 66 శాతం తక్కువ, 2021లో 58 శాతం తక్కువ. 2022లో 2019 నాటి దాంట్లో 68 శాతానికి వచ్చింది, 2023లో 94 శాతానికి. 2024లో దాటింది, 3.8 శాతం ఎక్కువ. కానీ అందులో అంతర్జాతీయ ప్రయాణాలు ఒక్కటే విడదీసి చూస్తే 2019 కంటే ఎక్కువైంది అర శాతమే. వింజమూరు గారికి కావాల్సింది ఈ అర శాతం దగ్గరే ఉందని నా అభిప్రాయం. 'అంతా వచ్చేసింది' అని పేపర్లు రాసే దాంట్లో పెద్ద వాటా ఆయా దేశాల లోపల తిరిగిన జనానిది.

కందుకూరు కుర్రోడు
సోమవారం, ఉదయం 10.02

అట్లయితే ఫ్లైట్ల లెక్క ఎందుకూ పనికిరాదంటారా సార్?

కావలి కెరటం
సోమవారం, సాయంత్రం 6.40

ఎందుకు పనికిరాదు తమ్ముడూ, ఈ రాత్రి ఏం జరుగుతుందో ఈ రాత్రే చెప్పేది అదొక్కటే. సార్ చెప్పే అంకెలు రావాలంటే నెల దాటాలి, నేను మాత్రం పొద్దున ఏ దేశం గగనతలం మూసుకుందో టీ తాగే లోపల చూస్తా. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ మీద క్షిపణులు పడ్డప్పుడు ఖతార్, కువైట్, బహ్రెయిన్, దుబాయ్ వైపు కొన్ని గంటలు మూసేశారు. గల్ఫ్ పోయే విమానాలు అరేబియా సముద్రం మీద చుట్టు తిరగడం, వెనక్కి మళ్లడం కళ్లారా చూశా.

కాకపోతే చదవడం తెలిసుండాలి. నేను చేసిన తప్పులే చెబుతా. మొదట్లో తేదీకి తేదీ పోల్చేవాణ్ణి, నిరుడు 15కీ ఈ ఏడు 15కీ. నిరుడు ఆదివారమైతే ఈ ఏడు సోమవారం, వారంలో రోజును బట్టి విమానాలు మారతాయి, లెక్క చెడిపోయేది. సరిగ్గా 52 వారాలు, అంటే 364 రోజులు వెనక్కి పోవాలి, అది కూడా ఏడు రోజుల సగటు తీసుకుని. పండగ ముందుకో వెనక్కో జరిగితే దానికీ అటూ ఇటూ చూసుకోవాలి.

ఇంకోటి అన్నిటికంటే పెద్దది. నా మిద్దె మీద ఉన్నలాంటి రిసీవర్లు 2019లో కంటే ఇప్పుడు ఎక్కువ. ఏడీఎస్-బీ ఉండాలన్న నిబంధన అమెరికాలో చాలా గగనతలానికి 2020 జనవరి నుంచి వచ్చింది, యూరప్‌లో అదే ఏడాది చివర్లో. అంటే అప్పుడు ఎగిరినా కనిపించని కొన్ని విమానాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. కనిపించేవి పెరగడం, ఎగిరేవి పెరగడం రెండూ కలిసిపోతాయి. అందుకే నేను ఆ యాప్ గ్రాఫులో అన్ని విమానాల గీతను పట్టించుకోను, హెలికాప్టర్లూ సొంత విమానాలూ తీసేసిన కమర్షియల్ గీత ఒక్కటే చూస్తా, అది కూడా ఐదేళ్ల నాటి దానితో పోల్చేటప్పుడు కొంచెం తగ్గించుకునే చూస్తా.

అద్దంకి రోడ్డు
సోమవారం, రాత్రి 8.15

కనిపించని విమానాలంటే గుర్తొచ్చింది. మా కొరిసపాడు దగ్గర హైవే మీద అత్యవసర రన్‌వే కట్టారు కదా, 2022 డిసెంబరు 29న వాయుసేన వాళ్లు ట్రయల్ చేశారు. తెల్లారుజామునే పోయి పొలం గట్టు మీద నిలబడ్డా. యుద్ధ విమానాలు రోడ్డు మీదికి బాగా కిందికి దిగి, నేలకు తాకకుండా మళ్లీ లేచాయి, ఆ చప్పుడుకు గుండెల్లో అదురు ఇంకా ఉంది. చేతిలో యాప్ తెరిచే ఉంది, దాంట్లో ఒక్కటీ లేదు. సైన్యం విమానాలు ఆ సిగ్నల్ ఆపేసుకోవచ్చట. కాబట్టి యాప్‌లో ఉన్నదే ఆకాశం అనుకోకూడదు.

చీమకుర్తి అమ్మ
సోమవారం, రాత్రి 9.33

బాబూ, నాదొక సందేహం, తప్పుగా అడిగితే ఏమనుకోకండి. మా వాడు డల్లాస్‌లో ఉంటాడు. ఏటా వేసవిలో ఆవకాయ, గోంగూర, కారప్పొడులు పార్సిల్ వేస్తాను. 2020లో ఆ కొరియర్ అతను చెప్పిన రేటు వినగానే పచ్చడి వెనక్కి తెచ్చుకుని జాడీలోనే పెట్టుకున్నాను. మనుషులు ఎక్కకపోతే విమానాల్లో చోటు ఖాళీగా ఉంటుంది కదా, పార్సిల్ రేటు తగ్గాలి కదా, పెరిగిందేమిటని అప్పట్నుంచి మనసులో ఉండిపోయింది.

ఒంగోలు పద్దులు
సోమవారం, రాత్రి 10.10

అమ్మా, చాలా మంచి ప్రశ్న. విమానంలో సరుకు వెళ్లేది ప్రత్యేక సరుకు విమానాల్లోనే అనుకుంటాం. కరోనాకు ముందు ప్రపంచంలో విమాన సరుకులో సుమారు సగం ప్రయాణికుల విమానాల పొట్టలోనే పోయేది. మనం సీట్లో కూర్చుంటే మన కాళ్ల కింద అరలో మీ ఆవకాయ జాడీ ఉండేదన్నమాట. ఆ విమానాలు ఆగిపోగానే ఆ చోటు మొత్తం ఒక్కసారిగా పోయింది. మిగిలిన చోటుకు మందులు, మాస్కులు, ఆన్‌లైన్ ఆర్డర్లు పోటీ పడ్డాయి. అందుకే రేటు రెక్కలొచ్చి ఎగిరింది. ప్రయాణికుల విమానాలు తిరిగొచ్చే కొద్దీ ఆ పొట్టలూ తిరిగొచ్చాయి, రేట్లు దిగాయి. తర్వాత మళ్లీ పంపారా అమ్మా?

చీమకుర్తి అమ్మ
సోమవారం, రాత్రి 10.26

2022 నుంచి పంపుతున్నా నాయనా. అప్పటి రేటుకు ఇంకా దిగలేదు గానీ పంపగలుగుతున్నా.

పెన్నా గట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1.20

నెల్లూరులో టికెట్ల ఆఫీసు నడుపుతాను, పంతొమ్మిదేళ్లు. ఇక్కడ అందరూ ప్రపంచం లెక్క చెబుతున్నారు, నేను కౌంటర్ ముందు కూర్చున్నవాళ్ల లెక్క చెబుతా. ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, అవతల కడప వైపు నుంచి కూడా కువైట్ పోయేవాళ్లే నా దగ్గర ఎక్కువ.

2020లో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. మార్చి మధ్యలో కువైట్ కమర్షియల్ విమానాలు ఆపేసింది, ఆగస్టు 1న తెరిచింది, కానీ మన దేశం నుంచి నేరుగా రానివ్వలేదు. సెలవుకు వచ్చినవాళ్లు ఇక్కడ, వీసా గడువు అక్కడ. దుబాయ్ పోయి 14 రోజులుండి అక్కణ్ణుంచి కువైట్ పోయినవాళ్లున్నారు, ఆ హోటల్ ఖర్చుకు భార్య తాళి గొలుసు కుదువ పెట్టి నా బల్ల మీద డబ్బు లెక్కపెట్టిన మనిషి నాకు గుర్తున్నాడు. 2021 ఫిబ్రవరిలో ఆ దారి కూడా మూసేశారు, విదేశీయుల్ని ఆగస్టు దాకా రానివ్వలేదు. మనకు నేరుగా విమానం మళ్లీ వచ్చింది సెప్టెంబర్లో. మన ప్రభుత్వం మామూలు అంతర్జాతీయ సర్వీసులు తెరిచింది 2022 మార్చి 27న. అంటే పూర్తిగా రెండేళ్లు. దేశంలో తిరిగేవి 2020 మే 25నే మొదలయ్యాయి, మన రాష్ట్రంలో ఒక రోజు ఆలస్యంగా. కింది రేటు, పై రేటు అని ప్రభుత్వం గీత గీసింది కూడా దేశంలో తిరిగే వాటికే, అది 2022 ఆగస్టు ఆఖరు దాకా ఉంది. గల్ఫ్ టికెట్‌కు అట్లాంటి గీత లేదు.

ఇక రేటు ఎందుకు దిగలేదు అన్నదానికి నాకు కనపడే కారణం. రెండు దేశాల మధ్య విమానం నడపాలంటే ఎవరిష్టం వాళ్లది కాదు. వారానికి ఇన్ని సీట్లు అని రెండు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకుంటాయి. మనకూ కువైట్‌కూ మధ్య ఒక్కో వైపు వారానికి 12,000 సీట్లు, ఏళ్ల తరబడి అదే అంకె. ఇటు కేరళ, అటు ముంబై, ఢిల్లీ, హైదరాబాద్, చెన్నై అందరూ పంచుకోవాలి. మనుషులు పెరిగినా సీటు పెరగలేదు. 2025 జులైలో దాన్ని 18,000 చేశారు. ఒప్పందం మారింది కదా అని మర్నాడే విమానం రాదు, సంస్థ దగ్గర విమానం ఉండాలి, అక్కడ దిగడానికి సమయం దొరకాలి. ఇప్పుడిప్పుడే తేడా మొదలవుతుంది.

వింజమూరు వాసి
మంగళవారం, సాయంత్రం 5.55

పెన్నా గట్టు అన్నా, ఈ ఒప్పందం సంగతి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేను ఎప్పుడూ ఎయిర్‌లైన్ వాళ్ల ఆశే అనుకున్నా. సీట్లే అంత తక్కువ ఉంటే పండగ ముందు వారం ఎట్టా ఉంటుందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఒంగోలు పద్దులు
మంగళవారం, రాత్రి 8.45

పెన్నా గట్టు గారు చెప్పినదానికి తోడుగా ఇంకొక ముక్క. విమానాల కొరత నిజం. 2018లో ప్రపంచం మొత్తం మీద ఎయిర్‌లైన్లకు అందిన కొత్త విమానాలు 1,813. 2024లో అందినవి ఐఏటీఏ అంచనాలో 1,254. ఆర్డర్ ఇచ్చి అప్పటికి ఎదురు చూస్తున్నవి 17 వేలు. ఇంజన్ల సమస్యతో మన దేశంలోనే ఎన్నో విమానాలు నేల మీద నిలబడి ఉన్నాయి, 2023 మేలో ఒక ఎయిర్‌లైన్ మూతే పడింది. జనం తిరిగొచ్చారు, విమానాలు అంత వేగంగా రాలేదు. అందుకే 2024లో సీట్ల నిండుదనం 83.5 శాతానికి చేరింది, అంతకుముందు ఏ ఏడాదీ అంత లేదు, 2019లో 82.6. అంకెలో తేడా ఒక శాతం కూడా లేదు గానీ ఏడాది సగటు అది, వానల్లో ఖాళీగా పోయే ఫ్లైట్లు కూడా కలిపి. పండగ వారంలో ఖాళీ సీటు ఉండదు, ఆఖరి సీట్లకు అడిగిందే రేటు.

రష్యా మీదుగా పోయే దారి 2022 నుంచి చాలా ఎయిర్‌లైన్లకు మూసుకుపోయింది, 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మీదుగా మన విమానాలు పోలేవు. చుట్టు తిరిగితే ఒకే విమానం రోజుకు చేసే ట్రిప్పులు తగ్గుతాయి. ఫ్లైట్ల లెక్కలో ఒకటి ఒకటిగానే కనిపిస్తుంది, గంటలు మాత్రం పెరుగుతాయి. నాకు ఈ లెక్కల్లో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, మనిషికి పట్టిన టైమూ, పెట్టిన ఖర్చూ ఏ గీతలోనూ ఉండవు.

కందుకూరు కుర్రోడు
మంగళవారం, రాత్రి 9.20

2019నే ఎందుకు ఆధారంగా పెట్టుకుంటారు సార్? ఆ ఏడాది అంతా బాగుందా?

ఒంగోలు పద్దులు
మంగళవారం, రాత్రి 9.51

మంచి మాట పట్టుకున్నావు. బాగా లేదు. 2019 ఏప్రిల్లో మన దగ్గర ఒక పెద్ద ఎయిర్‌లైన్ ఆగిపోయింది, మార్చిలో బోయింగ్ వాళ్ల 737 మ్యాక్స్ రకం విమానాలన్నీ ప్రపంచమంతా నిలిపేశారు. కరోనాకు ముందు ఆఖరి నిండు ఏడాది కాబట్టి దాన్నే పట్టుకుంటారు. పైగా కోవిడ్ రాకపోతే ఈ ఆరేళ్లలో ఏటా కొంత పెరిగి ఉండేది కదా, ఆ పెరుగుదలతో పోలిస్తే 2019ని అందుకోవడం అంటే పోయినచోటికి తిరిగి రావడం, అంతే. ఆసియా ఆలస్యం కావడానికి ఇంకో కారణం, టూరిస్టులకు జపాన్ మామూలుగా తలుపు తెరిచింది 2022 అక్టోబరు 11న, వచ్చేవాళ్లకు చైనా క్వారంటైన్ ఎత్తేసింది 2023 జనవరి 8న. మన దేశంలోపల మాత్రం 2023లోనే 15 కోట్ల 20 లక్షల మంది ఎక్కారు, 2019లో 14 కోట్ల 40 లక్షలు.

అద్దంకి రోడ్డు
బుధవారం, ఉదయం 6.50

దేశంలోపల ఎక్కినవాళ్లు పెరిగారు సరే, మన నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల వాళ్లు ఎక్కాలంటే ఇప్పటికీ ఒకటే దారి. రాత్రి బస్సో పినాకిని రైలో పట్టుకుని చెన్నై, లేదంటే గన్నవరం, రేణిగుంట. దగదర్తిలో ఎయిర్‌పోర్టుకు 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. అక్కడ విమానం దిగితే చూడాలని ఉంది. టికెట్ రేటుకు ఈ బస్సు, ఆటో, రాత్రంతా మేలుకోవడం కూడా కలపాలి.

కావలి కెరటం
బుధవారం, రాత్రి 9.05

నిజం అన్నా. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుఫానుకు చెన్నై రన్‌వే నీళ్లలో మునిగి మూసేసినప్పుడు మా వీధి నుంచి గల్ఫ్ బయల్దేరిన కుటుంబం గూడూరు దగ్గర రైల్లో ఆగిపోయింది. ఆ రోజు నా గీతలో పెద్ద గుంట పడింది. ఎవరైనా ఆ గుంట ఒక్కటే చూస్తే ప్రయాణాలు తగ్గాయి అనుకుంటారు. తగ్గలేదు, మునిగాయి.

వింజమూరు వాసి
గురువారం, రాత్రి 9.47

పెన్నా గట్టు అన్నకు ఫోన్ చేసి రెండు రోజులు తేదీలు అటూ ఇటూ తిప్పాం. పండగకు కుదరలేదు. జనవరి 27కి కువైట్ నుంచి చెన్నైకి దొరికింది, సంక్రాంతి వారం అడిగిన దాంట్లో సగానికి కొంచెం పైన. తమ్ముడు సరే అన్నాడు. అమ్మ మొదట చిన్నబుచ్చుకుంది గానీ అరిసెలు వాడొచ్చాకే వండుతానంటోంది. కావలి అన్నా, ఆ రోజు వాడి ఫ్లైట్ మీ స్క్రీన్ మీద కనిపిస్తే ఒక ఫొటో తీసి ఇక్కడ పెడతారా? అమ్మకు చూపిస్తా.

కావలి కెరటం
గురువారం, రాత్రి 10.02

తప్పకుండా అన్నా, ఫ్లైట్ నంబరు ఒక్కటి పంపండి. పడమటి వైపు నుంచి వస్తుంది, నా దగ్గర చాలాసేపే ఉంటుంది. ఎనిమిది వేల అడుగుల కిందికి దిగాక నాకు కనపడదు, అప్పుడు అమ్మకు చెప్పండి, ఇంకో పది నిమిషాల్లో నేల మీద ఉంటాడని. ఈ ఆదివారం మిద్దెక్కి కనెక్టర్ చిలుము గీకి పెడతా.